నేను పిలిస్తే వచ్చిన కుక్క

మొన్న విశాఖ నుంచి వచ్చిన మా మేనకోడలు భోజనాలయ్యాక ఫోను నా ముఖం ముందు పెట్టింది. "మావయ్యా, ఇది మీ ఊరి ఒడ్డే కదూ? కుక్కల్ని కూడా తీసుకెళ్ళొచ్చంట!" అంది. చూశాను. ఏదో రిసార్టు ప్రకటన. రంగుల గొడుగు కింద ఉంగరాల బొచ్చు కుక్క ఒకటి మెడలో పసుపు రిబ్బనుతో కూర్చుని ఉంది. కుక్కకి వేరే మంచమట, స్నానానికి తొట్టట, పుట్టినరోజైతే కేకు కూడానట. అది మా ఊరి ఒడ్డే. ఆ రిసార్టూ మా ఊరిదే. మేనకోడలికి విశాఖలో ఫ్లాటూ ఉంది, అందులో ఒక కుక్కా ఉంది. దాన్ని తీసుకుని సంక్రాంతికి కాకపోయినా ఎండాకాలానికైనా వస్తానంటోంది. నేను చెయ్యి కడుక్కోవాలని లేచిపోయాను. చెయ్యి అప్పటికే కడుక్కున్నానని నూతి దగ్గరకి వెళ్ళాక గుర్తొచ్చింది.

నేను సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇళ్ళల్లో పుట్టి, ఎలాగో చదువుకుని, శ్రీకాకుళంలో గుమాస్తా ఉద్యోగం చేసి, అరసవల్లిలో అద్దె ఇంట్లో ముప్ఫై ఏళ్ళు గడిపినవాణ్ణి. రిటైరయ్యేసరికి షుగరు పట్టుకుంది. డాక్టరు రోజూ నడవమన్నాడు. అరసవల్లి రోడ్డు మీద నడవడమంటే అడుగు ముందుకి, రెండడుగులు ఆటోల కోసం పక్కకి. మా ఆవిడ పుట్టినూరు శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉంది. అక్కడే చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేశాం. పక్కిల్లు మా ఆవిడ అన్నయ్యది. అంటే నాకు బావ. ఆయన పెళ్ళాం పోయి చాలాకాలమైంది. పిల్లలు లేరు. చూపు మందగించాక వేట మానేసి, పడవ ఇంజను అమ్మేశాడు. ఆ వారంలోనే బోర్లించిన పడవ కింద ఒక కుక్కపిల్ల దొరికింది. గోధుమరంగుది, ఒక చెవి నిలబడి, ఒక చెవి వాలి ఉండేది. దానికి ఇంజను అని పేరు పెట్టాడు. ఇదేం పేరని నేను నవ్వితే, "పడవకి నేకపోతే నేదు, నాకైనా ఉండాలి కదేటి బావా" అన్నాడు.

నాలుగేళ్ళు మేం ముగ్గురం నడిచాం. తెల్లారగట్ల బావ నా గుమ్మం ముందు దగ్గేవాడు, ఇంజను తలుపు గీకేది. సరుగుడు చెట్లని మావైపు సర్వి అంటారు. ఆ సర్వి తోటలోంచి వెళ్ళేవాళ్ళం. రాలిన ఆకుల మీద అడుగేస్తే చప్పుడుండదు, పైన మాత్రం గాలి హోరు. ఇంజను ముందు పరిగెత్తి, మలుపులో ఆగి, ఈ ముసలాళ్ళు వస్తన్నారా లేదా అన్నట్టు తిరిగి చూసేది. తోట దాటితే మొగలి పొదలు, ఇసుక దిబ్బలు, ఆ తర్వాత ఏరు సముద్రంలో కలిసే మొగ. ఎర్ర పీతలు ఒడ్డంతా కుంకం ఆరబోసినట్టుండేవి. ఇంజను ఒక్కదాన్నీ పట్టలేకపోయింది గానీ నాలుగేళ్ళూ ప్రయత్నం మానలేదు. చివరికి మూతి నిండా ఇసుకతో వచ్చి మా కాళ్ళ మధ్య తుమ్మేది. జీడిపళ్ళ కాలంలో కిందపడ్డ పండు నమిలి, వగరుకి ముఖం ముడిచి, మర్నాడు మళ్ళీ అదే పండు నమిలేది. ఎండ ముదిరాక అలల అంచున పొట్ట తడిసేలా బోర్లా పడుకునేది. బావ పక్కనే కూర్చుని, నీళ్ళ రంగు చూసి ఇవాళ వలలో కవ్వళ్ళ చేపలు పడతాయో లేదో చెప్పేవాడు. కళ్ళు సరిగా ఆనని మనిషి ఆ మాట ఎలా చెప్పేవాడో నాకు ఇప్పటికీ తెలియదు.

తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కే రోజుల్లో ఒకసారి ఇంజను ఇసుక తవ్వబోయింది. బావ దాని చెవి పట్టుకుని, "తప్పు. కూర్మనాథుడి పిల్లలే అయ్యి" అని మెత్తగా ఒక్క దెబ్బ వేశాడు. ఆ తర్వాత గుడ్లున్న చోటు కనబడితే అది చుట్టూ తిరిగి వెళ్ళేది. దానికి భక్తి కుదిరిందని బావ అందరికీ చెప్పుకునేవాడు.

తర్వాత సర్వి తోటలో సగం కొట్టేసి రిసార్టు కట్టారు. మేనేజరు కుర్రవాడు, మర్యాదస్తుడు. నన్ను చూడగానే "సార్" అనేవాడు, కుర్చీ వేయించేవాడు, గాజు కప్పులో కాఫీ ఇప్పించేవాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నన్నెవరూ సార్ అనలేదు. ఒకరోజు అతను, ఊరకుక్కల్ని చూసి అతిథులు భయపడుతున్నారనీ, ఊరి తరఫున ఒక అర్జీ ఉంటే కుక్కల బండి వస్తుందనీ చెప్పాడు. "సూది వేసి, ఆపరేషన్ చేసి, పది రోజుల్లో ఎక్కడివక్కడే దింపేస్తారు సార్. మీ చేతిరాత బావుంటుందట కదా" అన్నాడు. రాశాను. పిల్లల్ని కరుస్తున్నాయని రాశాను. తాబేలు గుడ్లు తినేస్తున్నాయని కూడా రాశాను. ఊళ్ళో ఆ పని చేసే కుక్కలు లేకపోలేదు. కానీ ఆ వాక్యం రాస్తున్నప్పుడు ఇంజను నా కుర్చీ కిందే పడుకుని ఉంది. నేను చదివి వినిపిస్తే నలుగురూ తలూపి సంతకాలు చేశారు. బావకి మాత్రం చదివి వినిపించలేదు.

బండి వచ్చిన రోజున బావ ఊళ్ళో లేడు. కంటి ఆపరేషన్‌కి శ్రీకాకుళం వెళ్ళాడు. వెళ్తూ, "రెండు దినాలు దీన్ని సూసుకో బావా" అని నాకు అప్పజెప్పాడు. బండివాళ్ళు ఉచ్చుకర్రలతో వీధివీధీ తిరిగి కుక్కల్ని పట్టారు. ఇంజను బోర్లించిన పడవ కిందకి దూరిపోయింది. కర్రతో పొడిచినా, చేప ముక్క వేసినా బయటికి రాలేదు. "దీనికి యజమాని ఉన్నాడు" అన్నాను నేను. ఎదురింటి ఆవిడ చేపల బుట్ట కింద పెట్టి నా ముందుకొచ్చింది. అప్పటికే వాళ్ళ కుక్క బండిలో ఉంది.

"మా దానికి మాత్తరం యజమాని నేదేటి? అర్జీ రాసినోడివి నువ్వే కదా. మీ కుక్కకో నాయం, మా కుక్కకో నాయమా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపే చూశారు. మేనేజరు నా చెవి దగ్గరకొచ్చి, "పది రోజులే కదా సార్. మీరు పిలిస్తే వచ్చేస్తుంది" అన్నాడు.

పిలిచాను. రోజూ పిలిచే గొంతుతోనే, "ఇంజనూ, రా, ఎల్దాం" అన్నాను. నడకకి అనుకుంది. తోకాడిస్తూ బయటికొచ్చి నా అరచేతిలో మూతి పెట్టింది. ఉచ్చు మెడకి పడ్డాక కూడా అది వాళ్ళవైపు చూడలేదు. నావైపే చూసింది.

బావ కంటికి పచ్చగుడ్డ కట్టుకుని తిరిగొచ్చి, ఆటో దిగుతూనే "ఇంజనేదీ?" అన్నాడు. "తోటలోకెళ్ళుంటాది" అన్నాను. ఆ అబద్ధంతో ఒక పూట గడిచింది. సాయంత్రానికి ఎదురింటావిడ మొత్తం చెప్పేసింది. పది రోజులకి బండి రాలేదు. పదిహేనో రోజున మేనేజరు ఆ పని వేరేవాళ్ళదన్నాడు. తర్వాత నేను వెళ్తే కుర్చీ కూడా వేయించలేదు. కుక్కల్ని ఆమదాలవలస అవతల, రైసు మిల్లుల దగ్గర వదిలేశారని ఎవరో అన్నారు. దుమ్ములోకి వెళ్ళొద్దని డాక్టరు చెప్పిన మాట పక్కనపెట్టి బావ బస్సెక్కాడు. నేనూ వస్తానంటే తల అడ్డంగా ఊపాడు. వారం రోజులు ఆ ఊక దుమ్ములో, స్టేషను చుట్టూ, "ఇంజనూ, ఇంజనూ" అని పిలుస్తూ తిరిగాడట. నల్లకళ్ళద్దాల ముసలాయన స్టేషను దగ్గర ఇంజను కోసం వెతుకుతుంటే టీకొట్టు దగ్గరి జనం, "రైలింజనేటి తాతా?" అని నవ్వారట. ఈ ముక్క ఆయనే మా ఆవిడకి చెప్పాడు. చెబుతూ తనూ కొంచెం నవ్వాడట. కుక్క దొరకలేదు. ఆపరేషన్ చేసిన కంటికి చీము పట్టి చూపు పూర్తిగా పోయింది. రెండో కన్ను అంతకుముందే మసక.

క్షమించమని అడగడానికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని వల తాడు తడుముతూ చిక్కు తీస్తున్నాడు. నేను చెప్పిందంతా విన్నాడు. "బండోళ్ళు పిలిస్తే అది వచ్చేది కాదు బావా" అన్నాడు. అంతే. తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు సుఖంగా ఉండేది.

ఇది జరిగి మూడేళ్ళు. పండక్కి చెల్లెలు పిలిస్తే మా ఇంటికి వస్తాడు, భోంచేస్తాడు, ఆమెతో మాట్లాడి వెళ్ళిపోతాడు. నడక ఆయన దక్షిణంగా, నేను ఉత్తరంగా. పోయిన నెల మంచు బాగా పట్టిన ఒక పొద్దున దారి తప్పి నావైపు వచ్చాడు. ఎదురుగా ఎవరో ఉన్నారని పోల్చుకుని, కర్ర ఆపి, "ఎవలు బాబూ? టైమెంతయిందేటి?" అని అడిగాడు. ఎంత ఆప్యాయంగా అడిగాడో! ఒక్క క్షణం ఊరుకుందామనుకున్నాను. "ఆరున్నర" అన్నాను. గొంతు గుర్తుపట్టాడు. ముఖంలో ఆ మెత్తదనం అక్కడికక్కడే ఆరిపోయింది. కర్ర తిప్పుకుని మంచులోకి వెళ్ళిపోయాడు. నేను అక్కడే నిలబడిపోయాను. నాకింకా ఎన్నేళ్ళున్నాయో తెలియదు. ఎన్ని ఉన్నా, ఆ రోజు పడవ ముందు నోరు మూసుకుని ఉండాల్సిన ఆ ఒక్క నిమిషాన్ని మాత్రం అవన్నీ కలిసినా నాకు తిరిగి ఇవ్వలేవు.