డమ్మీ కాకి

నా చిన్నప్పుడు మా ఇంట్లో గుడ్డతో చేసిన కాకి ఒకటి ఉండేది. పాత గొడుగు నల్లగుడ్డలో మా అమ్మమ్మ కొబ్బరి పీచు కుక్కి, రెండు పుల్లలు కాళ్ళుగా పెట్టి కుట్టింది. పెరట్లో ఆరబెట్టిన నెత్తళ్ళకు కాపలా ఉండే మనిషి లేనప్పుడు దాన్ని వెదురు కర్రకు తలకిందులుగా వేలాడదీసేది. తమలో ఒకటి చచ్చిపోయిందనుకుని కాకులన్నీ చుట్టూ మూగి, కాసేపు గోలపెట్టి, ఆ తర్వాత చేపల జోలికి రాకుండా వెళ్ళిపోయేవి. మేం దాన్ని డమ్మీ కాకి అనేవాళ్ళం.

మేముండే దీవి పట్నంలోని డిగ్నాబాద్‌లో అప్పట్లో ఆ మాట అందరి నోళ్ళలోనూ ఉండేది. ఓడల మీద పనిచేసేవాళ్ళు తెచ్చారో, దుకాణాలవాళ్ళు తెచ్చారో తెలియదు. గోల్ ఘర్ బజారు దుకాణంలో అద్దాల వెనక పేర్చిన ఖాళీ బిస్కెట్ డబ్బాలు డమ్మీ. పడవ వెనక కట్టి లాగే రబ్బరు ఎర డమ్మీ. నీళ్ళలో పడ్డవాణ్ణి ఎలా బయటికి తీయాలో నేర్చుకోవడానికి ఓడ మీంచి విసిరే గడ్డిమనిషీ డమ్మీయే. గెలవడానికి కాక, ఎదుటివాడి ఓట్లు చీల్చడానికి ఎన్నికల్లో నిలబడేవాడు కూడా డమ్మీయే. ఒకటి మోసానికి, ఒకటి అలంకారానికి, ఒకటి ప్రాణం కాపాడటానికి. అన్నిటికీ ఒకే పేరు పెట్టి నవ్వుకునేవాళ్ళం. ఆ మాట వస్తువుల మీంచి దిగి మా సంఘంలోకి ఎప్పుడు వచ్చిందో మాత్రం ఎవరూ గమనించలేదు.

మా తాతయ్య తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద. వాక్యం బాగా తెలిసినవాడు, ప్రార్థనలో కూర్చుంటే కదిలేవాడు కాదు. మా వెనక వీధిలో చేపల వేటకు వెళ్ళే మావయ్య ఒకాయన ఉండేవాడు. ఆయన, ఆయన భార్య మా సంఘంవాళ్ళే. ఆ అత్త మా అమ్మమ్మతో కలిసి చేపలకు ఉప్పు పట్టేది. ఒక ఏడాది వేట అసలు కలిసిరాలేదు. అప్పుడు మావయ్య తన అన్నదమ్ములతో కలిసి ఒడ్డున గంగమ్మకు కొబ్బరికాయ కొట్టి, పడవ ముక్కుకు నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. ఆ సంగతి సంఘానికి తెలిసింది. ఆయన కన్నీళ్ళు పెట్టుకుని తప్పయిందన్నాడు. అవి డమ్మీ ఏడుపులనీ, ఆయన డమ్మీ విశ్వాసి అనీ పెద్దలు తేల్చారు. రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్లకు రానివ్వలేదు. వాళ్ళింటికి ఎవరూ వెళ్ళకూడదని కూడా అనుకున్నారు. ఆ తీర్పు చదివింది మా తాతయ్యే.

ఆ తర్వాత కూడా ఆదివారాలు మావయ్య వచ్చేవాడు. ప్రార్థన గది బయట కిటికీ దగ్గర నిలబడి పాటలు వినేవాడు. ఏ తప్పూ చేయని అత్త కూడా ఆయన పక్కనే నిలబడేది. మేం పిల్లలం లోపలినుంచి తొంగిచూసి మోచేతులతో పొడుచుకునేవాళ్ళం.

వర్షాలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో అత్తకు జ్వరం వచ్చింది. నాలుగైదు రోజులకే పోయింది. పొద్దున్నే కబురు తెలిసి సంఘం పెద్దలు మా ఇంట్లోనే కూర్చుని మాట్లాడుకున్నారు. వెళితే మావయ్య చేసింది ఒప్పుకున్నట్టే అవుతుందన్నారు. ఆయన అన్నదమ్ములు వేటకు వెళ్ళి ఉన్నారు, తిరిగి రావడానికి ఇంకా రెండు రోజులు పడుతుంది. శవాన్ని అంతవరకూ ఉంచలేరు. మోసేవాళ్ళు ఎవరన్న ప్రశ్న గదిలో అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు. వాళ్ళు వెళ్ళిపోయాక తాతయ్య పెరట్లోకి వచ్చి, నెత్తళ్ళ పక్కన కూర్చుని వల బాగుచేయడం మొదలుపెట్టాడు.

కాపలాకు మనిషి ఉండగా అమ్మమ్మ ఎప్పుడూ కాకి బొమ్మను బయటికి తీయదు. ఆ రోజు తీసింది. సరిగ్గా తాతయ్య తల మీదికి వచ్చేట్టు కర్ర పాతి, దాన్ని వేలాడదీసి పక్కకు తప్పుకుంది. ముందు ఒక కాకి వచ్చింది. అది అరవగానే కొబ్బరిచెట్ల మీంచి, ఇంటి కప్పుల మీంచి, ఒడ్డు వైపు నుంచి వచ్చి పడ్డాయి. పెరడంతా నల్లబడింది. తాతయ్య చేతిలో వలదారం ఆగిపోయింది. ఆయన తలెత్తలేదు.

అమ్మమ్మ గొంతు పెంచలేదు. "సూడు. పేలికల కాకి కోసం ఊళ్ళో కాకులన్నీ వొచ్చీసినాయి. అక్కడ పడున్నది పేలిక కాదు, మన పిల్ల," అంది.

తాతయ్య వలను పక్కన పెట్టాడు. తర్వాత లేచి, ఆదివారం తొడుక్కునే తెల్లచొక్కా వేసుకున్నాడు. ఆయన వెనక అమ్మమ్మ, అమ్మమ్మ చెయ్యి పట్టుకుని నేను.

మేం వెళ్ళేసరికి మావయ్య ఇల్లు ఖాళీగా ఉంది. సమాధుల తోటకు వెళ్ళే ఎత్తు మీద వాళ్ళను కలుసుకున్నాం. పెట్టెను మోస్తున్నవాళ్ళలో ఒకాయన మూల మీది బెంగాలీ టీకొట్టాయన. ఇద్దరు రోడ్డుపనికి వచ్చిన రాంచీవాళ్ళు. నాలుగో మనిషి దొరకలేదు. నాలుగో మూల మావయ్యే మోస్తున్నాడు. భార్య పెట్టె భుజం మీద ఉన్న మనిషి ఏడవడానికి కూడా వీల్లేదు, కాలు జారకుండా చూసుకోవాలి.

తాతయ్య వెళ్ళి ఆయన పక్కన నడిచాడు. బెంగాలీ ఆయన వెనక్కి తిరిగి, "దాదా, ఆవో, కంధా దో," అని భుజం పట్టమన్నాడు. మావయ్య మాత్రం ముందుకే చూస్తూ అడిగాడు.

"సంఘం పంపిందా పెద్దయ్యా, మీరే వొచ్చినారా?"

"నానే వొచ్చినాను."

"అయితే పట్టండి."

పెట్టె ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మారింది. చేతులు రెండూ ఖాళీ అయ్యాక మావయ్య దారి పక్కన కూలబడి ముఖం కప్పుకున్నాడు. సంఘమంతా డమ్మీ అన్న ఆ ఏడుపును నేను దగ్గరగా విన్నది అప్పుడే. మా అమ్మమ్మ ఆయన పక్కన మట్టిలోనే కూర్చుంది.

సమాధి దగ్గర తాతయ్య మా పాట ఎత్తుకున్నాడు. రెండో చరణంలో ఆగిపోయాడు. నాకు ఆ పాట వచ్చు, అయినా అందుకోలేదు. అప్పుడు ఆ రాంచీవాళ్ళిద్దరూ అదే రాగాన్ని తమ భాషలో అందుకుని చివరిదాకా పాడారు. వాళ్ళూ ఆ ప్రభువు బిడ్డలేనని మాకు ఆ రోజుదాకా తెలియదు. మా పిల్లను మోసింది వాళ్ళు, మా పాట ముగించింది వాళ్ళు. తాతయ్య మట్టి వేస్తూ వాళ్ళ ముఖాల వైపు చూడలేకపోయాడు.

తర్వాతి ఆదివారం ఆయన ప్రార్థన గదిలో తన కుర్చీలో కూర్చోలేదు. బయట కిటికీ దగ్గర మావయ్య పక్కన నిలబడ్డాడు. లోపలినుంచి పిలిచినా రాలేదు. ఇద్దర్నీ కలిపి లోపలికి పిలవడానికి సంఘానికి మళ్ళీ ఎండాకాలం రావలసివచ్చింది.

ఇప్పుడు నాకు తాతయ్య వయసు వచ్చింది. స్త్రీల కూడికలో వాక్యం చెబుతాను. వేషధారి అన్న మాట వచ్చినప్పుడల్లా చదవడం ఆపి నీళ్ళు తాగుతాను. ప్రభువు ఆ మాటను ముందు వరసలో నిలబడి ప్రార్థన చేసేవాళ్ళతో అన్నాడు. మేం దాన్ని కిటికీ బయట నిలబడ్డ మనిషికి తగిలించాం.

ఎవరింట్లోనైనా చావు కబురు వినగానే, ఆ మనిషి మా సంఘంలో ఉన్నాడా లేడా అని అడిగేలోపే నా కాళ్ళు చెప్పుల కోసం వెతుకుతాయి. వెతకని రోజులూ ఉన్నాయి. మోకాళ్ళ నొప్పి అనో, వాన అనో, వాళ్ళు మనవాళ్ళు కారనో ఇంట్లోనే ఉండిపోతాను. అలాంటి రోజున గోడ మీద కాకి అరిస్తే తలెత్తి దాని వైపు చూడలేను.