మామ ఊరి మీద నీలిరంగు

పోయిన నెల మా మేనమామ మనవడు నన్ను మోటారు సైకిలు మీద ఎక్కించుకుని, కొండాపురం అవతల నీళ్లు చూపిస్తానని తీసుకుపోయాడు. ఎనభై దాటిన వాణ్ణి వెనక కూర్చోబెట్టుకుని ఆ దారిలో పోవడం వాడికి సరదా కావచ్చు గానీ, నా నడుముకు కాదు. గట్టు మీద దిగాక వాడు చెయ్యి చాచి, "చూడు తాతా, అద్దం మాదిరి ఉండాది. యాడన్నా ఒక్క మడత ఉండాదేమో చూడు," అన్నాడు. వాడి తప్పేం లేదు. చిన్నతనంలోనే పునరావాస కాలనీకి వచ్చి పడినవాడు, వాడికి అది నీళ్లే. ఆ నీళ్లను నేను అంతకుముందే ఒకసారి చూశాను. అదే చోట, అదే రంగులో, అదే నునుపుతో. అరవై ఏళ్లు దాటిన మాట అది. ఆ నునుపు తెప్పించడానికి చేతులు అరగదీసుకున్న ఇద్దరిలో నేనొకణ్ణి.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆంధ్ర రాష్ట్రం వచ్చి, అది మళ్లీ ఆంధ్రప్రదేశ్ అయిన ఆ తొలినాళ్లలో ప్రొద్దుటూరులో బస్సులకు చెక్క బాడీలు కట్టే షెడ్లు ఉండేవి. అలాంటి ఒక షెడ్డులో రంగుల పని నాది. బడి ముఖం చూసినవాణ్ణి కాదు, బస్సు నెత్తిన ఊళ్ల పేర్లు రాసి రాసి అక్షరాలు నేర్చుకున్నాను, పులివెందుల అని సున్నా గుణింతమూ తప్పకుండా ఒక్క చేత్తో రాసిన రోజే నాకు పట్టా చేతికి వచ్చినట్టు లెక్క. ఆ తర్వాత పొట్లం కట్టిన కాగితం దొరికినా వదలకుండా చదివాను. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, చదువుకోని వాళ్లకు ఏం తెలుస్తుందిలే అని మా మామ ఊరి వాళ్లతో జీవితాంతం మాట్లాడిన వాళ్లను చూశాను గనక.

నాకు పని నేర్పిన మా ఉస్తాదు ముసల్మాను. బక్కపల్చని మనిషి, మాట తక్కువ, కోపం ఎక్కువ. నున్నటి రంగు అనేది కుంచెలో ఉండదు, కింద ఉంటుంది అనేవాడు. ఇప్పటి కుర్రవాళ్లు గన్ను పట్టుకుని బుస్సుమని కొట్టి, ఎండకముందే దుడ్లు అడిగి పోతున్నారు. రెండో వానకు పొట్టు లేస్తుంది. మాకు అలా కాదు. సీమసున్నపు పొడి అవిసె నూనెలో పిసికి లప్పం చేసి, పలచగా పట్టించి, ఎండనిచ్చి, నీళ్లలో తడిపిన గరుకు కాగితంతో రుద్ది, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూడాలి. కంటికి కనపడని ఎత్తుపల్లాలు అరచేతికి తెలుస్తాయి. రంగును పాత వాయిలు గుడ్డలో వడగట్టి, నేల మీద నీళ్లు చల్లి దుమ్ము అణిచి, తలుపులకు తడి గోనెలు కట్టి, ఒకే ఊపున కుంచె లాగాలి. మధ్యలో ఆగావంటే ఆగినచోట గీత పడుతుంది, ఆ గీత నిన్ను జీవితాంతం వెక్కిరిస్తుంది.

అలాంటి రోజుల్లో ఒక ఓవర్సీరు, పెన్న మీద కట్టదలచిన డ్యాముకు నమూనాగా చేసిన ఒక పెద్ద బొమ్మను ఎద్దుల బండి మీద తెచ్చి మా షెడ్డులో దింపించాడు. రెండు మంచాలు కలిపి వేసినంత ఉంది. చెక్కా, గోనెపట్టా, కాగితపు గుజ్జూ కలిపి చేసిన కొండలు, వాటి మధ్య పెన్న, వాగులు, దిగువన జమ్మలమడుగు, ఒక మూలగా పులివెందుల వైపు పోయే కాలవ. పెన్నకు అడ్డంగా ఒక చెక్క గోడ. ఆ గోడ వెనక పల్లపు నేలలో అక్కడక్కడా గుంపులు గుంపులుగా చింతగింజంత చెక్క ఇళ్లు అతికించి ఉన్నాయి. పల్లం చుట్టూ, కొండల నడుముల మీదుగా, ఎర్ర పెన్సిలుతో ఒక గీత గీసి ఉంది. ఆ గీత దాకా లప్పంతో పూడ్చి, పైన నీలిరంగు వేసి, అచ్చం నీళ్ల మాదిరి మెరిపించాలట. పెద్దవాళ్లు చూడబోయే బొమ్మ, ఎక్కడా కుంచె గీత కనపడకూడదట.

మా ఉస్తాదు ఆ చిన్న ఇళ్లను చూపుడు వేలితో తాకుతూ, "వీటిని పీకేయల్లా సామీ, కప్పేయల్లా?" అని అడిగాడు.

ఓవర్సీరు నవ్వి, "ఎందుకయ్యా శ్రమ, కప్పెయ్యండి," అన్నాడు.

నేను ఆ రోజంతా బొమ్మ చుట్టూ తిరిగాను. వాగు ఒకచోట కొడవలి మాదిరి వంగి పెన్నలో కలుస్తుంది. ఆ వంపులో కాళ్లు కడుక్కుని ఎదిగినవాణ్ణి నేను. మా అమ్మ పుట్టిల్లు అక్కడే. ఆ వంపు పక్కన అతికించిన ఇళ్ల గుంపు ఎర్రగీతకు వేలెడు కింద ఉంది. ఆ ఊళ్లో మా మేనమామ సరిగ్గా అదే ఏడు కొత్త మిద్దెకు పునాది తవ్వించి, బండ్ల కొద్దీ రాయి తోలించి పెట్టుకున్నాడు. ఇంకా ఒక్క వరస కూడా లేపలేదు. ఆ రాతిని నిలపాలా వద్దా అనేది ఆ ఎర్రగీత చేతిలో ఉందని నాకు అప్పుడే తెలిసింది. మామకు కబురు పంపాను.

సంత రోజున మామా అత్తా వచ్చారు. అప్పటికి ఇళ్లన్నీ లప్పం కింద పోయాయి, పైన ఎర్రమట్టి రంగు పూత కూడా ఆరి, పలక మాదిరి నున్నగా తయారైంది. ఓవర్సీరు కూడా ఆ రోజు పని చూడటానికి వచ్చి ఉన్నాడు. మామ తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని బొమ్మను చాలాసేపు చూశాడు.

"మన ఊరు యాడుందప్పా అల్లుడా?"

"ఈడ మామా," అని వాగు వంపు పక్కన వేలు పెట్టాను.

మామ అక్కడ అరచెయ్యి ఆనించి, నా మాదిరే కళ్లు మూసుకుని తడిమాడు. "ఏమీ తగల్లేదే," అన్నాడు. తర్వాత ఓవర్సీరు వైపు తిరిగి, "సామీ, రాయి తోలించుకున్నా. మిద్దె లేపేదా, వద్దా?" అని అడిగాడు.

"ఇది ఉత్త బొమ్మ పెద్దాయనా. పైనుంచి ఇంకా మంజూరే కాలేదు. ఎప్పుడవుతుందో, అసలవుతుందో లేదో ఎవరికి తెలుసు?"

"అయితే కట్టుకోమంటారా?"

"వద్దని నేనన్నానా?"

"కట్టుకోమని కూడా అనలేదు గదా సామీ."

ఓవర్సీరు గడియారం చూసుకుని వెళ్లిపోయాడు. నాకు ఇప్పటికీ ఆ మనిషి మీద కోపం పోలేదు. అవుననో కాదనో ఒక్క మాట చెప్పి ఉంటే మామ ఏదో ఒకటి చేసుకుని ఉండేవాడు. రెంటికీ మధ్య మనిషిని నిలబెట్టి పోవడం ఎంత సులువో ఆ రోజు చూశాను.

అత్త ఈ మాటలేవీ విన్నట్టు లేదు. "పెద్దమ్మ తల్లి యాడుంది నాయనా?" అని అడిగింది. ఊరికి తూర్పున వేలెడు దూరంలో చూపించాను. ఆ ఊళ్లో కొత్త రాయి పాతినా, కొత్త చాలు దున్నినా ముందు పెద్దమ్మ బండకు ఆముదం పూసి పసుపు పెట్టాలి; అది చెయ్యకుండా ఎవరూ నేల మీద గడ్డపార వెయ్యరు. అత్త సంతలో కొన్న ఆముదం సీసా మూత తీసి, నేను చూస్తుండగానే ఆ నున్నటి పూత మీద ఇంత ఒంపి, కొంగున కట్టుకున్న పసుపు విప్పి అద్దింది. ఉస్తాదు నమాజుకు పోయి ఉన్నాడు. "ఏందే నువ్వు చేస్తాండేది, చెక్కబొమ్మకు గూడానా?" అని మామ కసిరాడు. "వాళ్లు చెక్కబొమ్మలోనే గదా మనల్ని ముంచుతాండేది," అంది అత్త, సీసాకు మూత పెట్టుకుంటూ.

వాళ్లు వెళ్లాక నేను గుడ్డతో శుభ్రంగా తుడిచాను. ఉస్తాదు వచ్చాక చెప్పాను కూడా. ఆయన బట్టల సోడా కలిపిన నీళ్లతో మళ్లీ కడిగించాడు.

మరునాడు పొద్దున నీలిరంగు వేశాం. గాలి లేదు, దుమ్ము లేదు, రంగు పాలమీగడ మాదిరి పరుచుకుంది. మేమిద్దరం వెనక్కి జరిగి చూస్తుండగా, వాగు వంపుకు తూర్పున రంగు మెల్లగా పక్కలకు తొలగి, నడుమ గుండ్రంగా ఎర్రపూత బయటపడింది. నూనె తగిలినచోట రంగు నిలవదు, ఇలాగే గుంటలు పడతాయి, వాటిని మేము కళ్లు అనేవాళ్లం. ఇందులో వింతేమీ లేదు. కానీ అది సరిగ్గా అత్త చెయ్యి పెట్టినచోట, మనిషి కన్నంతే ఉంది. నీలి నీళ్ల మధ్యలోంచి ఎర్రగా మమ్మల్నే చూస్తున్నట్టుంది. గీకి, రుద్ది, కడిగి మళ్లీ వేశాం. మళ్లీ తెరుచుకుంది. లప్పం లోపలిదాకా తాగేసింది ఆముదాన్ని. చివరకు ఉస్తాదు స్పిరిటులో లక్క కరిగించి ఆ చోట పూతలు పూతలుగా వేసి మూసేసి, దాని పైన రంగు వేయించాడు. ఈసారి నిలిచింది. అంతకన్నా నున్నటి పని మా షెడ్డులో ముందూ వెనకా జరగలేదు; ముఖం పెట్టి చూస్తే తల వెంట్రుకలు కూడా కనపడేవి.

నేను సంబరపడబోతే ఉస్తాదు తల అడ్డంగా ఊపాడు. "నూనె యాడికీ పోలేదు రా. లక్క కింద కూర్చోనుండాది. ఎప్పుడో ఒగనాడు లేస్తాది."

బొమ్మను ముందు జమ్మలమడుగులో పందిరి వేసి చూపించారు. పల్లపు ఊళ్ల జనం బస్సులు దిగి వచ్చి, తమ ఊరు వెతుక్కుని, నీలిరంగు తప్ప ఏమీ కనపడక ఊరికే నిలబడిపోయారు. ఆ ఏడు వాన లేదు, పెన్నలో ఇసుక పొగలు కక్కుతోంది. ఒక ముసలి రైతు మాత్రం, "ఏరులో గువ్వ ముక్కు తడిసేంత నీళ్లు లేవు, బొమ్మలో సముద్రాన్ని పెట్టినారు. కడవ తెచ్చుకుంటే పోస్తారా సామీ?" అని అడిగాడు. నవ్వు లేచింది గానీ తొందరగానే అణగిపోయింది. పులివెందులలో చూపించినప్పుడు ఆ నీలిరంగుకే దండం పెట్టుకున్న వాళ్లను చూశాను. వాళ్లనూ తప్పు పట్టలేను, బావులు ఎండి చీనీబత్తాయి చెట్లు మోడులవుతున్న కాలం అది. ఒకే రంగు ఒకచోట నీళ్లయింది, ఒకచోట మట్టి కప్పినట్టయింది.

ఆ తర్వాత ఏమైందని అడుగుతారా? ఏమీ కాలేదు. అదే ఘోరం. డ్యాము రాలేదు. బొమ్మ మాత్రం ఊరూరా చెప్పుకునే మాటగా మిగిలింది. కరెంటు స్తంభాలు అడిగితే, మునిగే ఊరికి ఎందుకన్నారు. బడి కప్పు కారుతోందంటే, మునిగే ఊరన్నారు. పిల్లనడగడానికి పోతే అవతలివాళ్లు మంచినీళ్లిచ్చి, మీది ఆ మునిగే ఊరేనా అని అడిగి పంపేవారు. మా మామ కొడుకు పెళ్లి అట్లా ఏళ్ల తరబడి వెనక్కి పోయింది. మామ తోలించిన రాయి గుట్టగానే ఉండిపోయింది, దాని సందుల్లో జిల్లేడు మొలిచి, తొండలు కాపురం పెట్టాయి. నీళ్లు రాకముందే ఊరు సగం మునిగిపోయింది, బొట్టు నీరు లేకుండా.

మధ్యలో ఒకసారి మాత్రం, నేను ఏదో బోర్డు రాయడానికి ఒక ఆఫీసుకు పోతే, వెనక వరండాలో విరిగిన బెంచీల కింద ఆ బొమ్మ కనపడింది. చుట్టూ రంగు ఇంకా మెరుస్తూనే ఉంది. వాగు వంపు దగ్గర మాత్రం లక్కతో సహా పెచ్చు లేచి, దాని కింద లప్పం ఊరి దాకా పగిలి, చింతగింజంత ఇల్లొకటి బయటికి కనపడుతోంది. నేను ఉండబట్టలేక ఆ రోజే మామ ఊరికి పోయి చెప్పాను. మామ అంతగా నవ్వగా నేను ఎన్నడూ చూడలేదు. "చూసినావా, మీ అత్త ఆముదం," అన్నాడు. ఆ ఏడే జిల్లేళ్లు పీకించి మిద్దె గోడ కిటికీ ఎత్తుకు లేపాడు. మళ్లీ ఎవరో సర్వే గొలుసు పట్టుకుని కొలతలకు వచ్చారు. గోడ అక్కడ ఆగిపోయింది. కొంతకాలానికి మామ పోయాడు, ఆ వెనకే అత్త. చివరకు డ్యాము కట్టి నిజంగానే నీళ్లు వచ్చే నాటికి నష్టపరిహారం కోసం ఇళ్లు లెక్క రాసుకోవడానికి వచ్చిన వాళ్లు ఆ గోడ చుట్టూ తిరిగి, కప్పు లేదు గనక ఇది ఇల్లు కాదని తేల్చేశారు. కప్పు ఎందుకు లేదో అడిగిన వాడు లేడు.

పోయిన నెల గట్టు మీద ఇవన్నీ ఆ కుర్రవాడికి చెప్పాలనుకున్నాను. వాడు ఫోనులో ఫోటోలు తీసుకుంటున్నాడు, చెప్పలేదు. వాగు వంపు ఎటు ఉండాలో, పెద్దమ్మ బండ ఎక్కడ ఉండాలో కొండల ఆనవాలు పట్టి గుర్తు చేసుకున్నాను. అరచెయ్యి చాచి తడిమితే తగిలేదేమీ లేదు. మా కాలంలో నునుపంటే మనిషి చేతి పని. అందులో ఎక్కడో ఒకచోట ఆ చెయ్యి ఆగిన గుర్తు ఉండేది, కింద ఏముందో పైకి చెప్పేది. ఇంత నున్నటి పనిని నేను ఎన్నడూ చూడలేదు, అందులో చెయ్యి ఎవరిదో కూడా తెలియదు.

"పోదామా తాతా, ఎండ ముదురుతాంది," అన్నాడు వాడు. ఇంకొంచెం సేపు ఉందామన్నాను. వాగు వంపుకు తూర్పున, వేలెడు దూరంలో, ఆ నీలం ఎక్కడైనా పక్కకు తొలగుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను.