గదిలో రెండో గొంతు

పంతొమ్మిది వందల అరవైల్లో, పెళ్లికి ముందు, కాకినాడ నుంచి వచ్చి నాంపల్లిలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆబిడ్స్‌లో ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష తప్పదన్నారు. రాతలో తప్పులు దొర్లుతాయని మాట్లాడే పరీక్షే ఎంచుకున్నాను. రోజూ సాయంత్రం తలుపు దగ్గరగా వేసి, బొంగురు గొంతుతో పరీక్షాధికారిలా ప్రశ్నలడిగి, నా గొంతుతో జవాబులు చెప్పుకునేదాన్ని. ఇంటావిడ నన్ను అదోలా చూడసాగింది.

ఒకరోజు ఎవరో తలుపు కొట్టారు. ఆ ధ్యాసలో బొంగురు గొంతుతోనే "కమిన్!" అనేశాను.

ఇంటావిడ చీపురుతో దూసుకొచ్చింది. "ఏడున్నడే వాడు?" అంటూ మంచం కింద వెతికింది. ఇక గది పోయినట్టేననుకున్నాను. ఆ గొంతుతో మాట్లాడి చూపించినా, "గంత మొగగొంతు నీదెట్లయితది?" అంది.

పరీక్ష పాసయ్యాక ఇంటావిడ చేతిలో మిఠాయి పెట్టాను. ఆవిడ దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: "మరి గా పిలగాడు పాసయిండా?"