పురానాపూల్ అవతలి సీటు

ఛత్రినాకలో మా బడి అంటే ఒక్కటే గది, మూడు తరగతులు, ఒక్క సారు. వానొస్తే సెలవు, సారు రాకుంటే సెలవు. దాహమైతే పిల్లలం పక్కింటి వాళ్లను బతిమాలుకునేవాళ్లం. డెబ్బైల చివర్లో, రెండో తరగతి అయిపోయేసరికి ఆ బడి నాకు ఇచ్చింది కూడబలుక్కుని చదవడం, వంద దాకా అంకెలు, నెలకోసారి జ్వరం.

మా బాపుకు నాలుగు బర్రెలుండేవి. తెల్లారగానే సైకిల్‌కు క్యాన్లు కట్టుకుని పురానాపూల్ వంతెన మీద మూసీ దాటి, నాంపల్లిలో ఇళ్లకు పాలు పోసి వచ్చేవాడు. అక్కడి బడి ముందు ఆగి చూసేవాడట. నల్లా ఉందని, ఉయ్యాలలున్నాయని, డాక్టరొచ్చి పిల్లల కళ్లు చూస్తాడని ఇంటికొచ్చి మాకు చెప్పేవాడు. అయితే ఆ బడి మూసీకి ఇవతలి పిల్లలను తీసుకోదు. బోర్డు మీద రాయలేదు గానీ, మా గల్లీ పేరు చెప్పిన వాళ్లందరికీ సీట్లు అయిపోయాయన్నారు. మూసీ దాటితే పిల్లల తెలివి మారిపోతుందని వాళ్లకెవరు చెప్పారో. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

బాపు పాలు పోసే ఒక ఇంటి అమ్మగారు మంచి మనిషి. నేను వాళ్ల చుట్టాలమ్మాయినని, అమ్మానాన్నలు ఊళ్లో ఉంటే తన దగ్గరే పెరుగుతున్నానని చెప్పడానికి ఒప్పుకుంది. బాపు వారం రోజులు నాతో ఆ ఇంటి నంబరు, వీధి పేరు వల్లె వేయించాడు. ఛత్రినాక అన్న మాటే నోట్లోంచి రావద్దన్నాడు. "ఒక్క మాట తప్పితే సీటు పోతది బిడ్డా" అని అన్నం తినేటప్పుడు కూడా అనేవాడు.

అమ్మగారు నన్ను సీటు కోసం ఆ బడికి తీసుకెళ్లిన రోజు బాపు గేటు బయటే ఉండాలి. ఉండలేకపోయాడు. నేను పెద్ద మేడం ముందు తెలుగు పాఠం చదువుతుంటే తలుపు దగ్గర కనిపించాడు. పాలు పోసే ఇళ్లలో అలవాటు కదా, చెప్పులు బయటే విడిచి వచ్చాడు. అక్కడ ఎవరూ చెప్పులు విడవరు. ఉతికిన అంగీయే గానీ పాలవాసన పోలేదు. మేడం చదవడం ఆపమంది. ఆయన కాళ్లు చూసి, నన్ను చూసింది. పక్కన అమ్మగారు కొంగు సర్దుకుంది.

"ఆయన మీ నాన్నా?" అని మేడం నన్నే అడిగింది.

వల్లె వేసిన వాటిలో ఈ ప్రశ్న లేదు. బాపు వైపు చూస్తే ఆయన నేల చూస్తున్నాడు.

"కాదు మేడం. మా ఇంటికి పాలు పోసే ఆయన."

బాపు వెంటనే అందుకున్నాడు. "ఔ మేడం, పాలోణ్ణి. అమ్మగారు ఇంట్ల లేరంటే ఈడికొచ్చిన" అని చెప్పి, చెప్పులు చేత పట్టుకుని వెళ్లిపోయాడు.

సీటు వచ్చింది.

ఇంటికి పోతుంటే సైకిల్ వెనక కూర్చుని తిట్టు కోసం చూశాను. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. వంతెన దాటాక ఆయన తల తిప్పకుండానే, "మంచిగ జెప్పినవ్ బిడ్డా. ఇగ ఆ బళ్ళె ఎవరడిగినా గట్లనే జెప్పు" అన్నాడు.

పదో తరగతి దాకా అట్లాగే చెప్పాను.