వైద్యుడు అన్న మాట వెతికిన అమ్మాయి

పర్చూరు నుంచి చిలకలూరిపేట పోయే దారిలో మా ఊరు. హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక గదిలో ఆరుగురు అమ్మాయిలకు బైబిలు ఎలా చదవాలో నేర్పేదాన్ని. వాళ్ళ కోసం నాలుగు పేజీల నోట్సు రాసి జిరాక్సు తీయించాను. ఈ మాట ఎవరు ఎవరితో అన్నారు, దీనికి ముందూ వెనకా ఏముంది, జరిగింది చెబుతున్నారా లేక మనల్ని అలా చేయమంటున్నారా, ఇలాంటి ప్రశ్నలే అందులో ఉండేవి. నోట్సుతో పాటు బైబిల్లో వచ్చే ఊళ్ళ పటం, ఏ మాట ఎక్కడెక్కడ వస్తుందో చూపే పదసూచిక కూడా ఇచ్చాను.

ఆ ఏడు మిరప కోతలు మొదలైన వారంలోనే ఊళ్ళోకి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. మూడు రోజుల కూటాలన్నారు. పదిహేను రోజులైనా ఆయన కదల్లేదు. అరిచే మనిషి కాదు, మెత్తగా, చెవిలో చెప్పినట్టు మాట్లాడేవాడు. ఎందుకో ఆ మెత్తదనమే నాకు గుబులు పుట్టించింది. రోజూ పొద్దున్నే అందరి ఫోన్లకూ పూల బొమ్మ మీద ఒక్క వాక్యం పంపేవాడు.

ఒక ఆదివారం మా అమ్మాయిల్లో డిగ్రీ చదివే పిల్ల ఫోను నా ముందు పెట్టింది. ఎన్నో ఏళ్ళు జబ్బుపడి, ఎంతమంది వైద్యుల దగ్గరికి వెళ్ళినా బాగుపడని స్త్రీ గురించి బైబిల్లో ఉన్న మాట అది. ప్రసంగీకుడు సగం వాక్యమే తీసుకున్నాడు.

"దీన్నిబట్టి మందులు మానేయమంటున్నాడు మేడం. మా అమ్మ మూర్ఛ మాత్రలు మానేసింది. ఎనిమిది రోజులైంది," అంది.

"నువ్వేం చెప్పావు?"

"అధ్యాయం మొత్తం చదివాను. ఆమెకి జరిగింది చెప్పారు గానీ, మందులు మానమని ఎవరికీ చెప్పలేదు. పదసూచికలో వైద్యుడు అన్న మాట కూడా వెతికాను. పౌలు తన ఉత్తరంలో వెంట ఉన్న వైద్యుణ్ణి ఎంత ప్రేమగా తలుచుకున్నాడో కనబడింది. అమ్మకి చూపిస్తే, దైవజనుడికంటే నీకెక్కువ తెలుసా అంది."

"చాలా బాగా చదివావమ్మా," అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ పిల్ల మార్కులు వేయించుకోడానికి రాలేదు.

ఆ పూటే పాస్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన కిటికీలోంచి బయటకు చూస్తూ, "జనమంతా అటే ఉన్నారమ్మా. కూటాలు అయిపోనివ్వండి, మాట్లాడదాం," అన్నారు. నేనూ సరేనన్నాను. ఆ పిల్ల వాళ్ళ ఇల్లు మా వీధికి రెండు వీధుల అవతలే. వెళ్ళలేదు.

బుధవారం ఉపవాస ప్రార్థనలో వాళ్ళమ్మ నా ముందు వరసలో కూర్చుంది. పాట మధ్యలో ఆమె చేతిలోంచి పుస్తకం జారింది. కళ్ళు ఒకచోటే నిలిచిపోయాయి. రెండు క్షణాలు, అంతే. తర్వాత పుస్తకం తీసుకుని మళ్ళీ పాడింది. నేను చూశాను. కల్లాల మీంచి వచ్చే మిరప ఘాటుకు అందరం దగ్గుతున్నాం. దాన్ని సాకు చేసుకుని బయటికొచ్చేశాను.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె చేలో పడిపోయింది. నీళ్ళు పారుతున్న కాలవలోకి, బోర్లా. పక్క సాలులో కోస్తున్న ఆడవాళ్ళు పైకి లాగి వెల్లకిలా తిప్పి, ఆటోలో చీరాల తీసుకుపోయారు. దారంతా ఫిట్సు ఆగలేదట. ప్రాణం దక్కింది. కానీ ఇరవై రోజుల పాటు కూతుర్ని ఎవరో నర్సమ్మ అనుకుంది.

ఆ సాయంత్రమే ప్రసంగీకుడి గొంతు ఫోన్లలో వినబడింది. ఎప్పటిలాగే మెత్తగా. ఆ ఇంట్లో అనుమానించే మనిషి ఉండబట్టే విశ్వాసం పని చేయలేదన్నాడు. పేరు చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. మరుసటి ఆదివారం మా గదికి ముగ్గురే వచ్చారు.

ఆ పై ఆదివారం, ఎవరి అనుభవం వాళ్ళు లేచి చెప్పే సాక్ష్యాల సమయంలో నేను లేచాను. ఆ స్త్రీ గురించిన అధ్యాయం మొదటి నుంచి చివరిదాకా చదివాను. "ఆ పిల్ల తప్పు చదవలేదు. నాకు తెలిసి కూడా వాళ్ళింటికి వెళ్ళలేదు. తప్పు నాది," అన్నాను. వెనక వరసల్లో నలుగురు లేచి వెళ్ళిపోయారు. వాళ్ళలో ఒకామె గుమ్మం దగ్గర ఆగి, "మీ నోట్సుల వల్లే ఆడపిల్లలు పాడవుతున్నారండీ," అంది.

వాళ్ళమ్మ ఇప్పుడు కూతుర్ని గుర్తుపడుతుంది. మాత్రలు వేసుకుంటుంది. కుడిచేతి వేళ్ళు కాయ తెంపడానికి వంగవు. కూతురు మాత్రం చదువు మానలేదు.

ప్రసంగీకుడు కోతలు కాగానే వెళ్ళిపోయాడు. మొన్న బస్టాపులో ఆయన ఫ్లెక్సీ మళ్ళీ కనబడింది. పక్క ఊళ్ళో కూటాలట, సోమవారం నుంచి. ఆ ఊళ్ళో షుగరుకీ, గుండెకీ, మూర్ఛకీ మందులు వాడేవాళ్ళ ఇళ్ళు ఏవో ఆ అమ్మాయీ నేనూ కనుక్కున్నాం. నిన్న తొమ్మిది ఇళ్ళకు వెళ్ళాం. మూడిళ్ళలో తలుపు తీయలేదు.