పసుపంటిన తెల్ల ఊలు

నా చిన్నప్పుడు బోధన్‌ల చలికాలం వచ్చిందన్న సంగతి కంటికంటే ముందుగాల ముక్కుకు తెలిసేది. ఫ్యాక్టరీల చెరుకు ఆడుడు షురూ అయితే ఊరు ఊరంతా బెల్లం ఉడుకుతున్న వాసన కొట్టేది. పొద్దుగాల లేస్తే మా గల్లీ ముందరి తొవ్వ మీద చెరుకు బండ్లు ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉండేవి. మా బాపు ఆ ఫ్యాక్టరీ కాంట కాడ హమాలీ పని చేసేటోడు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని మేము పిలిచేవాళ్ళం. అవ్వ ఇంటి కాడ బీడీలు చుట్టేది. నాకప్పుడు పన్నెండేండ్లు. ఆ ఏటి చలికాలం సెలవులు ఇయ్యాల్టికీ నాకు మంచిగ యాదికున్నయి. ఆ పది రోజులల్ల నేను పడ్డంత సంబురం మళ్ళెప్పుడు పడలే. చేసినంత పెద్ద తప్పు కూడ చెయ్యలే.

మా పక్కింట్ల ఒకామె ఉండేది, ఆమెను మేము మౌసి, అంటే చిన్నమ్మ, అని పిలిచేవాళ్ళం. వాళ్ళది మహారాష్ట్ర దిక్కు. పెండ్లి చేసుకొని ఇటు వచ్చింది, భర్త పోయినంక కూడ ఇక్కడ్నే ఉండిపోయింది. తెలుగు బాగనే మాట్లాడేది గానీ కోపమొచ్చినా ప్రేమొచ్చినా మరాఠీలకు దిగేది. ఊలు అల్లుట్ల ఆమెను మించినోళ్ళు మా దిక్కు లేకుండె. ఫ్యాక్టరీ కాలనీల ఉండే ఆఫీసర్ల పిల్లలకు స్వెటర్లు అల్లిచ్చి బతికేది. ముచ్చట పెట్టుకుంట అల్లేది, గల్లీల నడుసుకుంట అల్లేది, పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్కన కూసుండి అల్లేది. చేతుల దిక్కు చూసేదే కాదు. ఆమె చేతుల దిక్కు నేను నోరు తెరుచుకొని చూసేదాన్ని. ఒకరోజు, "చూసుడేనా, నేర్సుకునుడు ఉన్నదా?" అన్నది. ఆ పొద్దే బాపు పాత సైకిల్ పుల్లలు రెండు తెచ్చి, కొసలు బండ మీద రాకి నున్నగ చేసి ఇచ్చిండు. అవే నా సూదులు.

ఏటా ఆ సెలవులల్లనే కాలనీ మైదానంల ఆడోళ్ళ చేతిపనుల మేళా పెట్టేవాళ్ళు. కుట్లు, అల్లికలు, పచ్చళ్ళు, బొమ్మలు, ఏది చేతనైతే అది తెచ్చేది. తాళ్ళు కట్టి అల్లికలన్ని దాని మీద వేలాడదీసి, ఒక్కోదానికి అల్లినోళ్ళ పేరు రాసిన చీటీ గుచ్చేవాళ్ళు. ఆ చీటీలు నేను ఒక్కొక్కటి చదువుకుంట తిరిగేదాన్ని. మా గల్లీ పిల్లల పేరు ఒక్కటి కూడ ఎప్పుడు చూడలే. ఆ ఏడు సెలవులు ఇచ్చిన రోజు మౌసి నన్ను పిలిచి తన పెట్టెలకెల్లి తెల్ల ఊలు ఉండలు తీసి నా ఒళ్ళ పెట్టింది. పసిపిల్లకు జోడు అల్లుమన్నది. చిన్న స్వెటరు, టోపీ, రెండు సాక్సులు. మంచిగొస్తే తన వాటి పక్కన తాడుకు కడుతనని, చీటీ మీద నా పేరే రాస్తనని చెప్పింది. ఒకటే షరతు పెట్టింది, చేతులు కడుక్కోకుండ తెల్ల ఊలు ముట్టొద్దని. గంత తెల్లటి ఊలు తన కాడ ఇంక లేదని కూడ చెప్పింది. నేను ఇంటికి నడిచిపోలే, ఉరికిన.

మరుసటి రోజే మా మోతి చెరుకు బండి కింద పడ్డది.

మోతి మా ఇంటి కుక్క. చిన్న పిల్లగ ఉన్నప్పుడు బాపు వెంట కాంట కాడికెల్లి వచ్చింది, మళ్ళ పోలే. బండ్ల వెనక ఉరుకుడు దానికి ఆట. ఆ రోజు బండి గిర్ర దాని వెనక కాలును ఒరుసుకుంట పోయింది, తొడ మీద తోలంత లేచిపోయింది. బాపు భుజానేసుకొని గొడ్ల దవాఖానకు తీసుకపోయిండు, వెంట నేను పోయిన. అక్కడి కంపౌండరు కాలు వంచి చూసి, బొక్క విరగలేదు గానీ దెబ్బ లోతుగ ఉన్నదన్నడు. జ్వరం కూడ ఉన్నదట. ఏదో పొడి ఇచ్చి, యాపాకు నీళ్ళతోని కడిగి పసుపు పెట్టమన్నడు. ఆఖరుకు బాపు దిక్కు తిరిగి, "ఐదారు రోజులల్ల తనంతట తాను లేచి నడిస్తే బతికినట్టే. లేవకపోతే మాత్రం ఆశ పెట్టుకోకుండ్రి" అన్నడు. ఆ మాట బాపుకే చెప్పిండు గానీ విన్నది నేను.

ఇగ అప్పటి సంది నాకు రెండు పనులు. అర్రల ఒక మూలకు గోనె పరిచి మోతిని పండుకోబెట్టినం. దాని పక్కనే గోడకు ఆనుకొని నేను అల్లేదాన్ని. పొద్దుగాల కాలు కడిగి పసుపు పూసేది, తర్వాత బూడిదతోని చేతులు తోముకునేది, ఊలు పట్టేది. "రెండు సీదా, రెండు ఉల్టా" అని కుట్లు బయటికే లెక్కపెట్టేదాన్ని. మోతి కండ్లు తెరిచేది కాదు గానీ నా గొంతు విని చెవి కదిలిచ్చేది. పాలల్ల దూది ముంచి నోట్ల పిండితే కొద్దిగ మింగేది. మేళా ముచ్చట్లన్ని దానికి చెప్పేదాన్ని. ఎంత పెద్ద తాడు కడుతరో, మన చీటీ ఎక్కడ గుచ్చుతరో, నిన్ను కూడ తీసుకపోతనని. అవ్వ బీడీలు చుట్టుకుంట నవ్వేది. "దానికి చెప్పుతున్నవా, నీకు చెప్పుకుంటున్నవా?" అనేది.

రోజూ లేవంగనే ముందు మోతిని చూసేదాన్ని. గోనె మీద ఎట్లున్నది అట్లనే ఉండేది. తర్వాత స్వెటరు తీసి చూసుకునేదాన్ని, అది మాత్రం రోజుకింత పెరిగేది. మూడో రోజుకు ముందు భాగం అయింది, నాలుగో రోజుకు చేతులు కుదిరినయి. మౌసి వచ్చి వేలు పెట్టి గుంజి చూసి, ఎక్కడ కుట్టు జారలేదని తల ఊపింది. ఆమె తల ఊపిందంటే మామూలు సంగతి కాదు. నాకు ఆకలి దూప ఏం లేకుండ పోయినయి. మోతి లేవలేదన్న దుఃఖం, స్వెటరు అయితున్నదన్న సంబురం రెండు ఒక్క కడుపులనే ఉండేవి. నిజం చెప్పాలంటే దినదినానికి సంబురందే పైచెయ్యి అయింది.

మేళాకు ఇంక రెండు రోజులున్నదనంగ స్వెటరు, టోపీ, ఒక సాక్సు అయిపోయినయి. పగటాల వాటన్నిటిని అవ్వ బీడీల చాట ఖాళీ చేసి అందుల పరిచి, ఎండ పడేటట్టు తలుపు ముందరి కడప కాడ పెట్టిన. ఊరికెనే చూసుకోవాలెనని అట్ల పెట్టిన. తర్వాత బిందె తీసుకొని నల్లా కాడికి పోయిన. నీళ్ళు పట్టుకొని వచ్చేవరకు మోతి చాటల పండుకొని ఉన్నది. పసుపు పూసిన కాలు తిన్నగ స్వెటరు మీద పెట్టింది. నన్ను చూసి తోక ఆడిచ్చింది.

నేను బిందె దింపలే, ఎత్తి పడేసిన. చెయ్యెత్తి దాని వీపు మీద ఒక్కటి కొట్టిన, ఇంకొకటి కొట్టిన. అది అరవలే. చెవులు వెనక్కి వేసుకొని, కాలు ఈడ్చుకుంట పోయి గోనె మీద గోడ దిక్కు ముఖం పెట్టి పండుకున్నది. నాకు దాని దిక్కు చూసే తీరికెక్కడిది? స్వెటరు పట్టుకొని బట్టలుతికే జాలాట్లకు ఉరికి బట్టల సబ్బు పెట్టి రుద్దిన. కూర మరక మీద సబ్బు పడితే ఎర్రగైతదని మా ఇండ్లల్ల చిన్న పిల్లకు కూడ ఎరుక. ఆ గడియల నాకు యాదికి రాలే. రుద్దినకొద్ది పసుపంత ఎర్రగైంది, తెల్ల స్వెటరు నిండ నెత్తురు కారినట్టే అయింది. నేను ఏడుపు మొదలుపెట్టిన. అవ్వ వచ్చి చూసి నాకే ఏదో కోసుకున్నదని పరేషానైంది, చేతులు తిప్పి తిప్పి చూసింది. ఆ లొల్లికి మౌసి వచ్చింది.

ఆమె తిడుతదనుకున్న. కొడితే కూడ బాగుండుననుకున్న. ఆమె తడి స్వెటరు పిండి ఒక పక్కకు పెట్టి, అర్రలకు వచ్చి నిలబడి అటు ఇటు చూసింది. చాట ఎక్కడుండెనని అడిగింది. కడప కాడ అన్న. కుక్క ఎక్కడుండెనని అడిగింది. మూలకు అన్న. మౌసి మూల దిక్కు చూసింది, కడప దిక్కు చూసింది.

"మరి అక్కడికెల్లి ఇక్కడిదాక దాన్ని ఎవలు ఎత్తుకొచ్చిండ్రు?"

"ఎవలు తేలేదు మౌసి, అదే వచ్చిం—"

మాట సగంల ఆగిపోయింది. ఐదు రోజుల సంది పొద్దున లేవంగనే నేను చూసేది దేనికోసం? మోతి లేచింది. ఇంత పెద్ద అర్ర దాటి వచ్చింది. కంపౌండరు చెప్పిన మాట నేనొక్కదాన్నే దినాం యాది చేసుకున్న, అది నిజమైన గడియల నాకు మరక ఒక్కటే కనవడ్డది. లేచి వచ్చినందుకు రెండు దెబ్బలు కొట్టిన. నేను దాని కాడికి ఉరికి చెయ్యి చాపిన. మోతి తల కిందికి వంచుకొని ఒంటిని దగ్గరికి ముడుచుకున్నది. నా చేతికి భయపడ్డది. అంత సిగ్గు, అంత దుఃఖం నాకు అప్పటిదాక తెల్వదు.

మౌసి నన్ను ఏడ్వనియ్యలే. "అగ పిల్లా, ఏడుపు తర్వాత. ముందు చింతపండు తే" అన్నది. గిన్నెల చింతపండు పిసికి ఆ పులుపు నీళ్ళల్ల స్వెటరు ముంచంగనే నా కండ్ల ముందర ఎరుపంత పోయి మళ్ళ పసుపైంది. నేను ఏడుపు మరిచి చూసిన. మరక మాత్రం మరకనే ఉన్నది. అప్పుడు మౌసి పొయ్యి మీద పెద్ద గంజుల నీళ్ళు కాగబెట్టి, అవ్వను అడిగి ఇంత పసుపు కలిపి, స్వెటరు, టోపీ, అల్లిన సాక్సు, మిగిలిన ఊలు ఉండ అన్ని అందులనే ముంచింది. కొత్త బట్ట ఏదైనా కట్టే ముందర అంచుకు పసుపు పెడుతమా లేదా, పసిపిల్లకు నిండ పెడితే తప్పేమున్నదన్నది. తీసి ఆరేస్తే దండెమంత పసుపుపచ్చగ మెరిసింది. మా గల్లీ పిల్లలంత వచ్చి చూసిండ్రు. నాకు మళ్ళ లోపల సంబురం లేసింది గానీ మోతి దిక్కు చూస్తే దిగిపోయేది.

ఆ మాపు మోతి నా చేతి పాలు తాగలే. అవ్వ ఇస్తే తాగింది. పిలువనా అని అడిగితే మౌసి వద్దన్నది. కొట్టినదానివి నువ్వు, రావాల్నా వద్దా అన్నది అది అనుకోవాలె, నువ్వు నీ పని చేసుకో అన్నది. తెల్లారి నేను కడప కాడ కూసుండి పసుపు ఊలుతోని రెండో సాక్సు పట్టిన. వేళ్ళన్ని పసుపైనయి. పిలువలే, తిరిగి చూడలే. రెండు సీదా, రెండు ఉల్టా అని మాత్రం ఎప్పటిలెక్కనే బయటికి లెక్కపెట్టిన. మడమ తిప్పే కాడికి వచ్చిన. అప్పుడు వెనక గోనె కదిలిన చప్పుడైంది. ఆగుకుంట ఆగుకుంట, కాలు కుంటుకుంట వచ్చి మోతి తన మూతి నా పాదం మీద పెట్టింది. నేను లెక్క తప్పిన. కుట్లు రెండు జారినయి. అంత మంచిగ ఏడ్చింది నేను మళ్ళెప్పుడు లేదు.

మేళాల మా జోడును తాడుకు కట్టిండ్రు. అందరివి ఎర్రవి, నీలివి, తెల్లవి, మాదొక్కటే పసుపుది. దాని మీద చీటీ, చీటీ మీద నా పేరు. ముందుకెల్లి ఒకసారి, వెనకకెల్లి ఒకసారి పోయి చదువుకున్న. ఒక పెద్దమ్మ తన ఇంట్ల కొత్తగ పుట్టిన మనవరాలి కోసం అది చేతికి తీసుకున్నది. మౌసి నా వీపు పొడిచి చెప్పుమన్నది. నేను నీళ్ళు నములుకుంట, ఇది ఉతికినకొద్ది రంగు పోతదని, మొదలు తెల్లదేనని, మా కుక్క దీని మీద పండుకున్నదని అంత చెప్పేసిన. ఆ పెద్దమ్మ కడుపార నవ్వింది. "రంగు పోయేవరకు పిల్ల పెద్దదైతది బిడ్డా" అని స్వెటరును చెంపకు ఆనిచ్చుకొని చూసి, తీసుకొని పోయింది. మైదానం నుంచి మా ఇంటి దాక నేను ఆగకుండ ఉరికిన, మోతికి చెప్పుటానికి.

మోతి ఇంక చాలా ఏండ్లు బతికింది. కొద్దిగ కుంటేది గానీ బండ్ల వెనక ఉరుకుడు మానలే. నాకిప్పుడు అరవై దాటినయి, నిజామాబాద్‌ల ఉంటున్న, మనవలకు స్వెటర్లు అల్లుత. పిల్లలు ఏదన్న చెడగొట్టినప్పుడు, పెద్దోళ్ళు పని పాడు చేసినప్పుడు నాకూ కోపం మస్తు వస్తది, నేనేం శాంతమూర్తిని కాదు. అయినా ముందుగాల వాళ్ళ ముఖం చూస్త, ఏం చెడిందన్నది తర్వాత చూస్త. నా చేతిని చూసి ఒక్కసారి మోతి తల వంచుకున్నది. ఇంకెవలు నా ముందర అట్ల తల వంచుకోవద్దని, ఇన్నేండ్ల సంది నా చేతిని నేనే కనిపెట్టుకొని ఉంటున్న.