జీతం అడిగితే సంబంధం అనుకున్నారు

మా ఆయన పోయిన రెండో ఏడు, అంటే 1994లో, ఎలక్ట్రానిక్ సిటీ దారిలో ఉన్న ఒక మేనేజ్‌మెంట్ కాలేజీలో నన్ను హాస్టల్ ఆయాగా వేసుకున్నారు. మా ఆయన చిక్కపేటలో చీరల హోల్‌సేల్ అంగడిలో గుమాస్తాగా చేసేవారు. నాది మూడో తరగతి చదువు. అంకెలు చదవగలను, సంతకం పెట్టగలను, తెలుగు, కన్నడం, తమిళం మాట్లాడగలను. అలా చేరిన నేను రిటైరయ్యేనాటికి ర్యాంకుల విభాగంలో సహాయకురాలిని. ఆ కుర్చీ నాకు ఎలా వచ్చిందో చెప్తాను. ర్యాంకులు చూసి ఎంబీఏకు పోయే పిల్లలకు ఇది పనికొస్తుంది. నేను చెప్తుంటే రాస్తున్నది మా తమ్ముడి కూతురు.

2006లో కాలేజీకి కొత్త డీన్ గారు వచ్చారు. డీన్ అంటే చదువు వ్యవహారాలన్నిటికీ పెద్ద. విదేశంలో ఒక పత్రిక ఏటా ప్రపంచంలోని బిజినెస్ స్కూళ్లను వరుసకట్టి జాబితా వేస్తుంది. అందులో మన కాలేజీ ఉండి తీరాలని ఆయన పట్టుబట్టారు. ఆ పని కోసం ఒక చిన్న విభాగం పెట్టి, మైసూరు నుంచి వచ్చిన గీతా మేడంను అధికారిణిగా వేశారు. ఆమె కింద కిరణ్ అని అనంతపురం అబ్బాయి. ఆ ఏడు జాబితాలోకి రాకపోతే విభాగమే ఎత్తేస్తామని యాజమాన్యం ముందే చెప్పేసింది.

జాబితా ఎలా తయారవుతుందో గీతా మేడం ఓపిగ్గా విడమరిచి చెప్పింది. పత్రికవాళ్లు రెండు చోట్ల నుంచి వివరాలు తీసుకుంటారు. ఒకటి కాలేజీ ఇచ్చేది: ఆడపిల్లలు ఎంతమంది, బయటి దేశాల అయ్యవార్లు ఎంతమంది, పరిశోధన ఎంత జరుగుతోంది, ఇట్లాంటివి. రెండోది చదువు ముగించి మూడేళ్లయిన విద్యార్థులు ఇచ్చేది. వాళ్లకు పత్రికే నేరుగా మెయిల్ పంపుతుంది. చేరకముందు జీతమెంత, ఇప్పుడెంత, ఏ ఆశతో చేరారో అది దక్కిందా అని అడుగుతుంది. ఎక్కువ తూకం జీతానికీ, జీతం పెరిగిన తీరుకీ. ఒక్కో దేశంలో ధరలు ఒక్కోలాగా ఉంటాయి కాబట్టి వాటితో సరిచూసి అన్ని జీతాలనూ డాలర్లలోకి మారుస్తారు. అంటే ఇక్కడ ఇడ్లీకయ్యేదీ అక్కడ ఇడ్లీకయ్యేదీ చూసుకోవడమే కదా మేడం అన్నాను. సరిగ్గా అదే అంది.

ఇంకో రెండు నియమాలు గట్టివి. జవాబు రాసినవాళ్లు ఒక హద్దుకు తగ్గితే ఆ కాలేజీని జాబితాకే ఎక్కించరు. జవాబు రాయండని పిల్లలను కాలేజీ అడగవచ్చు, ఫలానాది రాయండని మాత్రం అడగకూడదు. అడిగినట్టు తేలితే పేరు కొట్టేస్తారు.

మాకు మొదటి నియమం దగ్గరే చిక్కొచ్చింది. గడువు దగ్గర పడుతోంది, జవాబులు హద్దుకు సగం కూడా లేవు. పత్రిక మెయిళ్లు కాలేజీ ఇచ్చిన పాత చిరునామాలకు పోతున్నాయి. ఉద్యోగాల్లో పడ్డాక వాటిని తెరిచేవాడెవడు? ఫోన్ నంబర్లూ మారిపోయాయి. పాత విద్యార్థులతో రాకపోకలు ఎవరికి ఉన్నాయని గీతా మేడం హాస్టల్‌కు వచ్చి అడిగింది. పిల్లలతో లేవుగానీ వాళ్ల తల్లులతో ఉన్నాయన్నాను.

ఆ బ్యాచ్ చదివిన కాలంలో సెల్‌కు వచ్చే కాల్‌కూ రుసుము పడేది. అందుకని తల్లులు హాస్టల్ ఫోన్‌కే చేసేవాళ్లు. ఆ ఫోన్ నా గది బయట గోడకు ఉండేది. కొడుకు స్నానానికి పోయి ఉంటే, వచ్చేదాకా నాతోనే మాట్లాడేవాళ్లు. ఎవరి మోకాలి నొప్పి ఏమిటో, ఎవరి ఆడబిడ్డ ఎట్లాంటిదో నాకు తెలుసు. పిల్లలు ఊళ్లు మారినా తల్లుల ఇంటి నంబర్లు మారవు. ఆఫీసులో అవి ఉన్నాయి. మేడం డీన్ గారితో చెప్పి నన్ను తన విభాగానికి మార్పించుకుంది.

మొదటి ఫోన్ కర్నూలు సుభద్రమ్మకు చేశాను. ఆమె కొడుకు ప్రసాదు ఎలక్ట్రానిక్ సిటీలోనే పని చేస్తున్నాడు.

“ఎవురూ, హాస్టల్ నాగమ్మా? మావాడు ఏమన్నా చేసినాడా?” అంది.

“చేసింది ఏమీ లేదమ్మా, చేయాల్సిందే ఒకటి ఉండాది” అన్నాను.

విదేశం నుంచి ఒక పత్రికవాళ్లు నీ కొడుకు ఉద్యోగం, జీతం గురించి అడుగుతున్నారు, మెయిల్ వచ్చి ఉంటుంది, జవాబు రాయమను అని చెప్పాను. ఆమె గొంతు తగ్గించి, “ఎవురి తరఫున అడుగుతాండారు?” అంది. పత్రిక తరఫున అన్నాను. “సరేలే, నాకు అర్థమయిందిలే” అని పెట్టేసింది. ఇంత తొందరగా అర్థమయినందుకు సంతోషపడి నేను తర్వాతి నంబర్ తిప్పాను.

తల్లి చెప్తే కొడుకులు వింటారని ఆ వారం రుజువయింది. ఎవరు రాశారు, ఏం రాశారు అన్నది మాకు కనిపించదు. ఎంతమంది రాశారన్నదే కనిపిస్తుంది. ఆ అంకె రోజూ పెరుగుతూ వచ్చి హద్దును కొద్దిగా దాటింది. కిరణ్ మైసూర్‌పాక్ తెచ్చి పంచాడు. ఆ పెట్టె ఖాళీ కాకముందే ప్రసాదు ఫోన్ చేశాడు.

“ఆంటీ, నాకు సంబంధం చూస్తాండారా మీరు?”

“నీకు పిల్లనెవరు ఇస్తారప్పా? తిన్న ప్లేటు ఎత్తేవాడివి కాదు.”

వాడు నవ్వి, జరిగింది చెప్పాడు. విదేశంలో ఉన్న పెళ్లికూతురివాళ్లెవరో పత్రికలో చూసి కాలేజీ ద్వారా ఆరా తీస్తున్నారని వాళ్లమ్మ నమ్మింది. జీతంలోకి కంపెనీ బస్సు, మధ్యాహ్నం భోజనం, ఫోన్ బిల్లు, చివరికి కర్నూలులో ఇంటి మీద వచ్చే అద్దె కూడా కలిపి రాయమంది. పోరు పడలేక వీడు అట్లాగే రాసి పంపేశాడు. అంతటితో పోలేదు. తనకు తెలిసిన ఇంకొందరు తల్లులకు ఆమె ఈ మాట చేరవేసింది, వాళ్ల పిల్లలూ అట్లాగే రాశారట.

అందులో వింతేమీ లేదు. మా ఇళ్లలో పెళ్లికాని పిల్లవాడి జీతమెంతని ఎవరైనా ఫోన్ చేసి అడిగారంటే అది ఇంకెందుకూ కాదు. అప్పుడు చెప్పే జీతం చేతికొచ్చే జీతమూ కాదు. దాన్ని అబద్ధమని ఎవరూ అనుకోరు; వినేవాళ్లు ఆ మేరకు తగ్గించుకునే వింటారు. పత్రిక తగ్గించుకోదు.

నేను వెంటనే గీతా మేడంకు చెప్పాను. కిరణ్ పక్కనే ఉన్నాడు.

“వదిలేయండి మేడం. మనం రాయమనలేదు కదా. శాలరీ ఎక్కువ చూపిస్తే మనకే ప్లస్” అన్నాడు.

మేడం నా వైపు తిరిగింది. ఆ జవాబులు తీయిస్తే మళ్లీ హద్దు కిందికి పోతామని, తన ఉద్యోగమూ నా కొత్త కుర్చీ రెండూ పోతాయని నాతో కన్నడంలో అంది. అని, లేచి నన్ను తీసుకుని డీన్ గారి గదికి పోయింది.

నేను తల్లులతో అన్న మాట అన్నట్టుగా చెప్పమని డీన్ గారు అడిగారు. చెప్పాను. తప్పు ఎక్కడ జరిగిందో ఆయనకు తెలిసింది. నవ్వారు కూడా. కానీ ప్రసాదు దగ్గర, తక్కిన పిల్లల దగ్గర ఒప్పుదల తీసుకుని పత్రికకు అప్పుడే రాయమన్నారు: ఫలానావాళ్ల జవాబులు సరిగా లేవు, తీసేయండి, వీలైతే గడువులోపల మళ్లీ రాయనివ్వండి. పత్రిక ఒప్పుకుంది. మరునాటికి మా అంకె హద్దు కిందికి దిగింది.

నేను ఫోన్ చేసిన ప్రతి తల్లికీ మళ్లీ చేశాను. సుభద్రమ్మకు కోపం వచ్చింది.

“అంటే సంబంధం లేదా?”

“లేదమ్మా. కాలేజీ గురించి అడుగుతాండారు.”

“నేను జాతకం కూడా రాయించి పెట్టుకుంటి కదా నాగమ్మా. ఆ మాట ముందే చెప్పకూడదా?”

పత్రిక అనే చెప్పానన్నాను. సంబంధాలు పత్రికలోనే కదా వచ్చేదంది.

గడువుకు కొన్ని రోజులే ఉన్నాయి. అప్పుడు ప్రసాదు ఒక పని చేశాడు. తన బ్యాచ్ పిల్లలంతా ఉన్న మెయిల్ గుంపులో ఈ కథంతా రాసి, దానికి నాగమ్మ మ్యారేజ్ బ్యూరో అని పేరు పెట్టాడు. ఆ నవ్వులో, మూడేళ్లుగా కాలేజీ మెయిల్ తెరవనివాళ్లు కూడా పత్రిక మెయిల్ ఎక్కడుందో వెతుక్కున్నారు. వర్తూరులో ఇల్లు కడుతున్నవాడు ఇటుకల లారీ పక్కన నిలబడి ఫోన్ చేశాడు. సింగపూర్ నుంచి ఒక అమ్మాయి, నాకూ ఒకణ్ణి చూడండి ఆంటీ, వంట వచ్చినవాడై ఉండాలంది. అందరికీ నాది ఒకటే జవాబు: “ముందు ఆ మెయిల్‌కు రాయి. ఉండేదే రాయి.”

గడువు ముగిసేసరికి అంకె హద్దును చాలా దూరం దాటిపోయింది.

జాబితా వేయకముందు పత్రిక తరఫున ఒకాయన తనిఖీకి వచ్చాడు. కొట్టేసిన జవాబుల గురించి అడిగి, తల్లులతో మాట్లాడిన మనిషిని పిలవమన్నాడు. నేను తెలుగులో చెప్పాను, గీతా మేడం ఇంగ్లీషులో చెప్పింది. జాతకం దగ్గర ఆయన రాయడం ఆపి నవ్వాడు. రెండోసారి ఏం చెప్పారని అడిగాడు. ఉండేదే రాయమన్నానని చెప్పాను. అదీ రాసుకున్నాడు.

జాబితా వచ్చింది. కింది వరుసల్లో అయినా మా కాలేజీ పేరు ఉంది. విభాగం నిలిచింది, గీతా మేడం నిలిచింది. డీన్ గారు అధ్యాపకులందరి ముందు నన్ను నిలబెట్టి, ఈమె లేకపోతే ఈ పేజీలో మనం లేమన్నారు. సహాయకురాలిగా పర్మనెంట్ చేసిన ఆర్డరు ఆ నెలలోనే ఇచ్చారు. నేను డీన్ గారి మాట కాదనలేదు, ఇప్పుడూ కాదనను. అప్పటిదాకా ఆఫీసులో నన్ను నువ్వు అన్నవాళ్లు ఆరోజు నుంచి మీరు అన్నారు.

ఆ తర్వాత నాలుగేళ్లు ఆ పనే చేశాను. ఇప్పుడు మా వీధి పిల్లలు ర్యాంకుల పేజీ తెచ్చి ఏ కాలేజీ మంచిదని అడుగుతారు. అది నాకు తెలియదని చెప్తాను. తెలిసింది మాత్రం చెప్తాను. ర్యాంకు పక్కన, ఎంతమంది జవాబు రాశారో చూడండి. పక్కపక్క ర్యాంకులకు తేడా గోరంత, దాని కోసం ఊరు మారకండి. అసలు పోటీలోకే దిగని మంచి కాలేజీలు ఆ పేజీలో ఉండవు. జీతం చాలా పెరిగిందని ఉంటే, చేరకముందు వాళ్ల జీతమెంతో కనుక్కోండి. తక్కువతో వచ్చినవాళ్లకు పెరుగుదల ఎక్కువ కనిపిస్తుంది. ఆ కాలేజీలో మూడేళ్ల కిందట చదివిన మనిషిని ఒకరినైనా పట్టుకుని మాట్లాడండి.

ర్యాంకు అంటే పైనుంచి ఎవరో చూసి ఇచ్చే మార్కు అనుకునేదాన్ని. అందులో చాలా భాగం, ఉద్యోగం నుంచి ఇంటికొచ్చి ఒక పిల్లవాడు తన గురించి తాను రాసుకున్న మాట. ఆ ఏడు మా పిల్లలు ఉన్నదే రాశారు. జాబితా చదివి చేరేవాడికి, ఎంత కిందున్నా మా ర్యాంకు నమ్మదగ్గ అంకె.